రాత్రి రెండు గంటల పని

మా ఆఫీసులో లైనక్స్ మెషీన్లు ఐదు. ఒకసారి డిస్కు పోయి, మూడు నెలల లెక్కలు మళ్లీ చేత్తో ఎక్కించాం. అప్పటి నుంచి బ్యాకప్‌ను మనిషి జ్ఞాపకానికి వదల్లేదు.

రాత్రి రెండింటికి, వేళకు పనులు నడిపే క్రాన్ పని మొదలెడుతుంది. సెంట్రల్ బ్యాకప్ సర్వరే ఒక్కో మెషీన్‌లోకి వెళ్లి ఫైళ్లు తెచ్చుకుంటుంది. ఇదే ముఖ్యం: ఏ మెషీన్‌లో దొంగ దూరినా బ్యాకప్ సర్వర్ తాళంచెవి అక్కడ దొరకదు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ తెచ్చిన ఆర్‌సింక్ మారిన ముక్కలనే పంపుతుంది. దారిలో ఎవరూ చదవకుండా ఎస్‌ఎస్‌హెచ్ కాపాడుతుంది. ఆ వేళప్పుడు పాస్‌వర్డు కొట్టేదెవరు? అందుకే దానికి బదులు కీల జత: ప్రైవేట్ కీ సర్వర్‌లో, పబ్లిక్ కీ ఒక్కో మెషీన్‌లో. ఆ పబ్లిక్ కీ ముందు ఒక్క కమాండే రాసిపెట్టాను: ఆ కీతో వస్తే ఫైళ్లు చదవొచ్చు, చెరపడానికి లేదు.

నెలకోసారి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూస్తాను. మొన్న జీతాల పట్టీ తెరిచాను. చివరి వరుస దాకా ఉంది.