అయ్యగారి పిల్లలు, గుండ్లకమ్మ నీళ్ళు

ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు సంఘాల్లో పని చేసే ప్రతి పాస్టరుకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఆరాధన ముగిశాక వందనాలు చెప్పి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఒక పెద్దావిడ అడుగుతుంది: "అయ్యగారూ, అబ్బాయికి పదిహేనేళ్ళు దాటినట్టున్నాయి గదా, బాప్తిస్మం ఇంకెప్పుడండీ?" ఆమె మనసులో చెడు ఏమీ లేదు. కాపరి ఇంటి పిల్లవాడే నీళ్ళలోకి దిగకపోతే తన మనవణ్ణి ఏ ముఖం పెట్టుకుని అడగాలన్నది ఆమె బాధ. సంఘ కాపరిగా, తండ్రిగా ఈ ప్రశ్నకి నేనిచ్చే జవాబు వెనక చాలా సంగతులున్నాయి. చర్చితో పరిచయం లేని పాఠకులకి కూడా తెలిసేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

గుంటూరు వైపు లూథరన్లు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. తల్లిదండ్రులు బిడ్డని ఎత్తుకొస్తారు, వాళ్ళే బిడ్డ తరఫున మాట ఇస్తారు. ఆ బిడ్డ ఎదిగాక తన నోటితో విశ్వాసాన్ని ఒప్పుకునే ఘట్టం ఉంటుంది, దాన్ని కన్ఫర్మేషన్ అంటారు. బాప్టిస్టుల పద్ధతి వేరు. మేం బిడ్డని సంఘం ముందుకు తెచ్చి, దేవునికి ప్రతిష్ఠ చేసి, ప్రార్థించి ఇంటికి పంపుతాం. బాప్తిస్మం మాత్రం ఆ బిడ్డ పెద్దయి, తానుగా అడిగి, తన సాక్ష్యం చెప్పుకున్నాకే, నిండా నీళ్ళలో ముంచి ఇస్తాం. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తలదాచుకున్న ఇంగ్లీషు విశ్వాసులు కొందరు జాన్ స్మిత్ అనే బోధకుడి వెంట, పసిబిడ్డకి కాక విశ్వసించినవాళ్ళకే బాప్తిస్మం ఇవ్వాలన్న నిర్ణయానికి వచ్చారు. విశ్వాసం వారసత్వంగా రాదు, ఎవరిది వాళ్ళు ఒప్పుకోవాల్సిందే అన్నది వాళ్ళ పట్టుదల.

తండ్రికి ఇక్కడే కష్టం. కొడుక్కి ఇంటిపేరు ఇవ్వగలడు, చదువు చెప్పించగలడు, ఉంటే అరెకరం పొలం రాసివ్వగలడు. అన్నిటికన్నా విలువైనదని తాను నమ్మినదాన్ని మాత్రం చేతిలో పెట్టలేడు. అడిగేదాకా ఆగాలి.

ఆగడమంటే ఏమిటో తెలుసుకోవడానికి మేం దూరం వెళ్ళనక్కర్లేదు. అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ ఏడే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి, అంతకుముందే రాజయోగం అభ్యసించిన సాధకుడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. పేరయ్యలాంటి వాళ్ళు కాలినడకన పల్లెపల్లెకీ తిరగడంతో పదేళ్ళలో అది వేలల్లోకి పెరిగింది.

అప్పుడు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధాని అంతా మలమల మాడింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అందులో మూడున్నర మైళ్ళ ముక్కని క్లౌ కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు కనక కొలతలు, లెక్కలు ఆయనకి కొత్త కాదు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మట్టి పని చేయించి, పని ఆపినప్పుడు అదే కూలీల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవాళ్ళు. ఆకలితో వచ్చిన జనం విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి డబ్బులు తన చేతి మీదుగా వెళ్తున్నాయి. ఆ చేత్తోనే బాప్తిస్మం ఇస్తే, వచ్చినవాడు దేవుడి కోసం వచ్చాడో గింజల కోసం వచ్చాడో వచ్చినవాడికే తెలియకపోవచ్చు. అందుకే ఆగాడు. మిషనరీకి సంఖ్యలే గొప్ప అనుకునే రోజుల్లో, వేలమంది వాకిట్లో నిలబడి అడుగుతుంటే కాదనడం చిన్న విషయం కాదు.

1878లో కాలువ పని ముగిసింది, సాయం ఆగింది. ఇవ్వడానికి తన దగ్గర ఇక డబ్బు లేదని క్లౌ తేల్చి చెప్పాడు. డబ్బు అక్కర్లేదు, మా రెక్కల మీద మేం బతుకుతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నది వాళ్ళ జవాబు సారాంశం. ఒంగోలుకి ఉత్తరాన, రోడ్డు గుండ్లకమ్మ నదిని దాటేచోట ఉన్న వెల్లంపల్లిలో బోధకులు తమ తమ ఊళ్ళవాళ్ళని కూర్చోబెట్టి పరీక్షించారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 3వ తేదీన నీళ్ళలో నిలబడి ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు పాస్టర్లు. ఇద్దరు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవాళ్ళు. క్లౌ దొర నీళ్ళలోకి దిగలేదు.

కరువులో దొరికిన కూలి వాళ్ళ నిర్ణయంలో ఏ పాత్రా వహించలేదని నేను వాదించను. మేలు చేసినవాడి మీద అభిమానం మనసులోంచి తుడిస్తే పోదు. కానీ మారినవాళ్ళకి సంఘం పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. ఇవి పాటిస్తే ఊరి జాతరలో డప్పు కొట్టడం ఆగిపోతుంది. ఆసామి పిలిచినప్పుడు ఆదివారం వెళ్ళడం ఆగిపోతుంది. దాంతో పనులు పోయాయి, పెద్దల కోపం నెత్తిన పడింది. గింజల కోసమే వచ్చినవాడు దాన్ని భరించి ఎందుకు నిలబడతాడు? వాళ్ళ విశ్వాసం మీద నాకు నమ్మకం కలిగించేది ఈ కష్టకాలం. క్లౌ మీద గౌరవం కలిగించేది ఆయన ఆగిన ఆ పదిహేను నెలలు.

ఇప్పుడు పాస్టరు ఇంటికి వద్దాం. ఇక్కడ అన్నం పెట్టేదీ తండ్రే, బాప్తిస్మం ఇచ్చేదీ తండ్రే. కరువులో క్లౌ భయపడిన పరిస్థితి మా ఇళ్ళల్లో రోజూ ఉంటుంది.

విశ్వాసులెవరైనా ఇంటికొస్తారు. టీ కాగేలోపు మేం పిల్లవాణ్ణి పిలుస్తాం. "ఇరవై మూడో కీర్తన చెప్పరా నాన్నా." వాడు చేతులు కట్టుకుని గడగడా అప్పజెబుతాడు. వచ్చినావిడ కొంగుముడి విప్పి, మడత పడ్డ పది రూపాయల నోటు వాడి గుప్పిట్లో పెడుతుంది. అమ్మ కళ్ళు మెరుస్తాయి, నాన్న తల నిమురుతాడు. అందరూ ప్రేమతోనే చేస్తారు. వాడు మాత్రం కీర్తన చెబితే నాన్న సంతోషిస్తాడని నేర్చుకుంటాడు. అదే పిల్లవాడు సినిమా హాలు దగ్గర కనిపిస్తే, టెన్త్‌లో మార్కులు తగ్గితే, "అయ్యగారి పిల్లలై ఉండి ఇదేం పని?" అంటారు. ఇంకొంచెం పెద్దయ్యాక బల్లారాధన రోజు ఇంకా కష్టం. బాప్తిస్మం లేనివాళ్ళు రొట్టె, ద్రాక్షారసం తీసుకోరు. పళ్ళెం తన ముందుకి వచ్చినప్పుడు పాస్టరు కొడుకు దాన్ని పక్కవాళ్ళకి అందిస్తాడు. ఆ క్షణాన వెనక వరసలో ఎన్ని కళ్ళు వాడి మీద ఉంటాయో వాడికి తెలుసు, బల్ల వెనక నిలబడ్డ తండ్రికీ తెలుసు. ఆ చూపుల కోసం దిగిన నీళ్ళు బాప్తిస్మం ఎలా అవుతాయి?

విలియం కేరీ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1800 డిసెంబరులో శ్రీరాంపూర్ దగ్గర హుగ్లీ నదిలో ఆయన మొదటి బెంగాలీ విశ్వాసి కృష్ణపాల్‌కి బాప్తిస్మం ఇచ్చాడు. అదే రోజు తన పెద్ద కొడుకు ఫెలిక్స్‌కీ ఇచ్చాడు. ఫెలిక్స్ తర్వాత మిషనరీగా బర్మా వెళ్ళి, ఆ పని వదిలి బర్మా రాజు కొలువులో చేరాడు. మిషనరీ అయినవాడు రాయబారి స్థాయికి దిగజారాడని తండ్రి కుమిలిపోయాడు. చివరికి ఫెలిక్స్ శ్రీరాంపూర్ తిరిగొచ్చి అచ్చు పనిలో, బెంగాలీ పుస్తకాల పనిలో తండ్రికి తోడుగా ఉండి 1822లో కన్నుమూశాడు. కొడుకు నీళ్ళలోకి దిగిన రోజున తండ్రి ఆగడం ముగిసిపోదని ఆ జీవితం చూస్తే తెలుస్తుంది.

పాస్టరు సమయం సంగతి వేరే బాధ. మిరప కోతల రోజుల్లో మా పాలేల్లో సగం ఇళ్ళకి తాళాలే. మిగతా రోజుల్లో కూడా ఆదివారం గుడిలో కనిపించేది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు. మగవాళ్ళు బయట వేపచెట్టు కింద ఆగిపోతారు. వాళ్ళ ఇల్లాళ్ళు పిల్లల్ని తెచ్చి, "మీరే తండ్రిలాంటోళ్ళు, వీడికి నాలుగు మాటలు చెప్పండయ్యా" అంటారు. చెబుతాం, చెప్పాలి కూడా. అలా పాలెమంతటికీ తండ్రి అయినవాడు రాత్రి ఇంటికొచ్చేసరికి సొంత పిల్లలు నిద్రపోయి ఉంటారు. బైబిల్లో సమూయేలు ప్రవక్త ఏటేటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి జనానికి న్యాయం తీర్చాడు. ఆయన కొడుకులు లంచాలు పట్టారు. ఈ రెండిటికీ సంబంధం ఉందని బైబిలు చెప్పదు. తండ్రిగా చదివినప్పుడు నాకు మాత్రం కనిపిస్తుంది.

యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో చిన్నకొడుకు ఇల్లు వదిలి వెళ్ళి తిరిగొస్తాడు, పెద్దకొడుకు తండ్రి దగ్గరే ఉంటాడు. పాస్టర్ల పిల్లలు ఎక్కువమంది అందులో పెద్దకొడుకులాంటి వాళ్ళు. ఇల్లు వదిలి వెళ్ళరు, చెప్పిన పనల్లా చేస్తారు, లోపల ఉడికిపోతుంటారు. తిరిగొచ్చిన చిన్నవాడికి ఎదురు పరిగెత్తిన తండ్రే, అలిగి బయట నిలబడ్డ పెద్దవాడి దగ్గరికీ నడిచి వెళ్ళి బతిమాలాడు. పెద్దవాడు లోపలికి వచ్చాడో లేదో యేసు చెప్పలేదు.

నేను చేసేది ఇది. మా పిల్లలు బాప్తిస్మం అడిగితే పరీక్ష నేను చెయ్యను. వేరే సంఘం కాపరి, మా పెద్దల్లో ఇద్దరు కూర్చుని మాట్లాడతారు, నేను ఆ గదిలో ఉండను. అడగకపోయినా ఈ ఇంట్లో భోజనం, కాలేజీ ఫీజు, నాన్న దగ్గర చనువు ఏవీ తగ్గవని నోరు తెరిచి చెప్పాను. పిల్లలు ఊహించుకుంటారులే అని వదిలెయ్యకూడదు. సంఘ పెద్దల్ని కోరేది కూడా ఉంది. పాస్టరుకి వారంలో ఒక సాయంత్రం ఇంట్లో ఉండే వీలు ఇవ్వండి. ఆయన పిల్లల్ని "అయ్యగారి అబ్బాయి" అనకుండా పేరుపెట్టి పిలవండి. కీర్తన అప్పజెప్పమని అడగకండి, బడి ఎలా ఉందో అడగండి.