సీటు కింద ఇంజను

జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో ఏపీ 36 నంబరుతో ఒక మారుతి ఓమ్నీ ఎదురైతే, అది ఆ జిల్లా కంటే వయసులో పెద్దదని ఇట్టే చెప్పేయొచ్చు. ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లాలోవే. ఏపీ 36 వరంగల్ గుర్తు. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక కొత్త బండ్లకు టీఎస్ అక్షరాలు వచ్చాయి. పాత అక్షరాలతో ఇంకా తిరుగుతున్న ఓమ్నీ అంటే, పదేళ్లకు పైగా ఎవరో ఒక మెకానిక్ దాన్ని బతికిస్తూ వచ్చాడన్నమాటే.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. మరుసటి ఏడే అదే కంపెనీ వ్యాను తెచ్చింది. సుజుకి కంపెనీ జపానులో 1961 నుంచి చేస్తున్న క్యారీ బండి దీనికి మూలం. 1988లో ఓమ్నీ అని పేరు పెట్టినా, ఊళ్లలో చాలామందికి అది మారుతి వ్యానే. 800 కారులోని 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజనే దీనికీ పెట్టారు. పొడవు సుమారు 3.37 మీటర్లు, అంటే అంబాసిడర్ కంటే దాదాపు మీటరు పొట్టి. అయినా ఎనిమిది సీట్ల రకం కూడా అమ్మారు.

అంత చోటు ఎక్కడి నుంచి వచ్చింది? ముందు బానెట్ తీసేసి, ఇంజనును ముందు సీట్ల కింద పడుకోబెట్టారు. అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే పొడవాటి గొట్టం వెనక చక్రాలను తిప్పుతుంది. ఇంటిల్లిపాదీ పట్టే వసతి ఆ ఒక్క నిర్ణయం వల్లే కలిగింది. ఓమ్నీకి వచ్చే జబ్బుల్లో సగం కూడా దాని వల్లే.

మొదటిది వేడి. మామూలు కారులో బానెట్ కింద ఇంజను చుట్టూ గాలికి చోటుంటుంది. ఇక్కడ పైన సీటు, పక్కన రేకు. మే నెల మధ్యాహ్నం డ్రైవరు తొడల కింద సెగ తెలుస్తూనే ఉంటుంది. కార్బురేటర్ ఉన్న పాత బండ్లలో ఈ సెగకు పంపులోనో పైపులోనో పెట్రోలు ఆవిరవుతుంది. ద్రవాన్ని తోడాల్సిన పంపుకు ఆవిరి బుడగ అందుతుంది, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. సీటెత్తి పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. చూసేవాళ్లకు మంత్రంలా ఉంటుంది గానీ, గుడ్డలోని నీరు ఆరుతూ పంపులోని వేడిని లాక్కుంటుంది, ఆవిరి తిరిగి పెట్రోలవుతుంది. తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండ్లలో పెట్రోలు ఒత్తిడితో వస్తుంది కాబట్టి ఈ బాధ తగ్గింది.

జనగామ వైపు అసలు చిక్కు నీళ్లతో వస్తుంది. రాతినేల, బోర్ల మీద ఆధారపడ్డ మెట్ట ప్రాంతం. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొరే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ పొర వేడిని సరిగా బయటికి పోనివ్వదు, దారినీ ఇరుకు చేస్తుంది. "అన్నా, పొద్దున్నే నీళ్లు పోసిన, మళ్ల తాగింది" అంటూ బండి యజమాని వస్తాడు. మెకానిక్ ముందు చూడాల్సింది నీళ్లు ఎటు పోతున్నాయన్నది. పైపు చిట్లిందా, వాటర్ పంపు సీలు కారుతోందా, రేడియేటర్ మూతలో స్ప్రింగు చచ్చిందా? ఆ మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. అది ఒత్తిడి నిలబెట్టినంత కాలం నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. అందుకే వేడి మీద మూత తిప్పితే ఆవిరి మొహానికి కొడుతుంది. చేతులు కాల్చుకున్న మెకానిక్‌లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

వేడిని పట్టించుకోకుండా నడిపితే అల్యూమినియం హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. నీళ్లు ఆయిల్‌లో కలిస్తే డిప్‌స్టిక్ మీద పాలు పోసిన చాయ్ రంగు కనబడుతుంది. అప్పుడు హెడ్ విప్పి, తిన్నని పట్టీ ఆనించి ఎంత వంగిందో చూసి, లేత్‌లో ఫేసింగ్ చేయించాలి. కొత్త గ్యాస్కెట్ వేశాక బోల్టులను నడుమ నుంచి అంచులకు, విడతలు విడతలుగా బిగించాలి. ఒక మూల నుంచి మొదలుపెడితే ఆ పనంతా మళ్లీ చేయాల్సి వస్తుంది. వేడి పెరుగుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు ఒకటి ఉంది. అది తప్పు. ఇంజను సరైన వేడికి రాకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. బోరు నీళ్లు మాని, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోస్తే ఈ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది.

మానుకోట మిర్చి ఊరు. పొద్దున బడిపిల్లలను దింపిన వ్యానులోనే సాయంత్రం సీట్లు మడిచి బస్తాలు వేస్తే, ఆ బరువు పడేది వెనక కమాన్‌కట్టల మీద. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ ఉక్కు పట్టీలు ఒక్కసారిగా విరగవు. ప్రతి గుంతకూ వంగి లేస్తూ, కంటికి ఆనని పగులును రోజూ కొంచెం పెంచుకుంటాయి. బండి ఒక పక్కకు ఒరిగిందంటే పట్టీ విరిగిందని అనుమానించాలి. పట్టీలను గుచ్చి పట్టుకునే సెంటర్ బోల్టు తెగితే మరీ ప్రమాదం. యాక్సిల్ పక్కకు జరిగి, బండి పీతలా అడ్డంగా నడుస్తుంది.

ఆ బరువే షాఫ్ట్ మీదా పడుతుంది. గేరు వేసి క్లచ్ వదలగానే కింద టక్కుమంటే క్రాస్ అరిగినట్టు. కూడిక గుర్తు ఆకారంలో ఉండే ఆ ఉక్కు ముక్క నాలుగు కొసలకూ కప్పుల్లో సూదుల్లాంటి బేరింగులుంటాయి. వాన నీళ్లు దిగి గ్రీజు పోతే అవి పొడి అవుతాయి. షాఫ్ట్ విప్పే ముందు పాత జోడింపు మీద సుద్దతో గీత గీసుకునే మెకానిక్‌ను నమ్మొచ్చు. తిప్పి బిగిస్తే బండంతా వణుకుతుంది.

భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం. బొగ్గు లారీల వెనక నడిచే బండికి ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. గాలి చాలక నల్లపొగ వస్తుంది. చిరిగిన ఫిల్టర్ అయితే ఇంకా చెరుపు. దుమ్ము లోపలికి దూరి రింగులను అరగదీస్తుంది, ఆయిల్ కాలి నీలం పొగ వస్తుంది. ఇంజను బోర్‌కొచ్చిందంటారు. ఆ దుమ్మే పక్క తలుపు పట్టాలో చేరి రోలర్లనూ తింటుంది.

రేకు తుప్పు సంగతి టింకరింగ్ వాళ్లది. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మలు తీసే కళ ఉంది. రేకు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ చిట్లుతుందో తెలియాల్సింది అక్కడైనా ఇక్కడైనా. అయితే పాత ఓమ్నీ మీద డబ్బు పెట్టేవాళ్లు ముందు రంగుకు కాదు, పెట్రోలు పైపులకూ వైర్లకూ పెట్టాలి. ఏళ్ల తరబడి సెగకు రబ్బరు గట్టిపడి పగులుతుంది. పెట్రోలు చుక్క పడేది వేడి ఇంజను మీద, దాని పైన కూర్చున్నది మనుషులు. వంటగ్యాస్ సిలిండర్ బిగించి నడపడం చట్టవిరుద్ధం, పిల్లలెక్కే బండిలో అయితే క్షమించరాని పని.

2019లో ఓమ్నీ తయారీ ఆగింది. ఢీకొన్నప్పుడు కాళ్లకు అడ్డంగా బానెట్ కూడా లేని ఈ ఆకారం కొత్త భద్రతా నిబంధనలకు నిలవలేదు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత తనిఖీలో నెగ్గితే ఐదేసి ఏళ్లు పొడిగిస్తారు. ఏపీ 36 నంబరున్న చిట్టచివరి బండ్లు కూడా 2029 నాటికి ఆ వరుసలో నిలబడాలి. బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు. అంతకు ముందు రోజు ఏదో ఒక షెడ్డులో ముందు సీటు పైకి లేస్తుంది. టార్చి వెలుగులో ఒక మెకానిక్ పైపులు ఒక్కొక్కటే నొక్కి చూస్తాడు.