మేడ మీద తేనెపెట్టె పెడితే తేనెటీగలకు మేలేనా?

తేనెటీగలు తగ్గిపోతున్నాయన్న వార్తలు చదివి, వాటికి తమవంతు సాయం చేద్దామని మేడ మీద ఓ తేనెపెట్టె పెట్టుకునేవారు చాలా నగరాల్లో కనిపిస్తున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పెట్టెల వల్ల అసలు ఆపదలో ఉన్న తేనెటీగలకే తిండి కరవవుతోందా? కొన్నేళ్లుగా శాస్త్రవేత్తలు దీన్నే పరిశీలిస్తున్నారు.

తేనెటీగ అనగానే మనకు తేనెపట్టు, వేల ఈగల గుంపు గుర్తొస్తాయి. నిజానికి ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒంటరి జీవులు. ఆడ ఈగ ఒక్కటే నేలలో బొరియ తవ్వుకునో, ఎండుకొమ్మల బోలులోనో గూడు కట్టి, ఒక్కో గుడ్డుకూ సరిపడా పుప్పొడి ముద్ద పెట్టి మూసేస్తుంది. గులాబీ ఆకుల అంచులను గుండ్రంగా కత్తిరించుకుపోయే ఈగ ఇలాంటిదే. ఎవరూ పెంచకుండా తమంతట తాము బతికే జాతులను అడవి తేనెటీగలు అంటారు. పేరు అలా ఉన్నా, నగరాల్లోని పార్కులు, పెరళ్లలోనూ ఇవి ఉంటాయి.

యూరప్, ఉత్తర అమెరికాల్లో పెట్టెల్లో పెంచేది ప్రధానంగా ఏపిస్ మెల్లిఫెరా అనే ఒకే జాతిని. ఒక్కో పెట్టెలో వేలాది ఈగలుంటాయి. అవి కిలోమీటర్ల దూరం వెళ్లగలవు. పూలు ఎక్కడున్నాయో నాట్యం ద్వారా తోటి ఈగలకు చెప్పుకుంటాయి. చిన్న ఒంటరి ఈగలకు ఆ వసతి లేదు. చాలావరకు గూటికి కొన్ని వందల మీటర్లలోనే వాటి తిండి దొరకాలి. బలమైన ఒక్క పెట్టెలోని ఈగలు వేసవి మూడు నెలల్లో సేకరించే పుప్పొడితో సుమారు లక్ష ఒంటరి ఈగల పిల్లలు పెరగగలవని అమెరికా పరిశోధకులు 2017లో లెక్కగట్టారు.

కెనడాలోని మాంట్రియల్‌లో ఈ పోటీని పోల్చి చూసే అవకాశం దొరికింది. అక్కడ 2013లో అడవి తేనెటీగలపై పెద్ద సర్వే జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో నగరంలోకి దాదాపు 3,000 తేనెపెట్టెలు వచ్చి చేరాయి. శాస్త్రవేత్తలు 2020లో మళ్లీ అవే చోట్లకు వెళ్లి చూశారు. పెంపుడు తేనెటీగలు ఎక్కువగా ఉన్నచోట పూలలో పుప్పొడి తక్కువగా ఉంది, అడవి తేనెటీగల జాతులూ తక్కువగా కనిపించాయి. అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్నవి చిన్న ఈగలే. ప్యారిస్‌లో జరిగిన మరో అధ్యయనంలోనూ చుట్టుపక్కల పెట్టెలు పెరిగేకొద్దీ పూల మీద వాలే అడవి తేనెటీగలు తగ్గాయి.

స్విట్జర్లాండ్‌లోని 14 నగరాల్లో 2012లో 3,139 పెట్టెలుండగా, 2018 నాటికి అవి 9,370కి చేరాయి. పూలతోటలు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. వడ్డించే అన్నం అంతే ఉండి, విస్తళ్లు మూడింతలైనట్టే ఇది. తిండితో పాటు రోగాల భయమూ ఉంది. పెంపుడు తేనెటీగల్లో కనిపించే రెక్కలు వంకరపోయే వైరస్ బంబుల్‌బీలకూ సోకుతుందని 2014లో బ్రిటన్ పరిశోధకులు చూపారు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. పెట్టెలు పెరిగినచోట అడవి తేనెటీగలు తగ్గాయని మాంట్రియల్, ప్యారిస్ అధ్యయనాలు చెబుతున్నాయి. తగ్గుదలకు పెట్టెలొక్కటే కారణమని అవి తేల్చలేవు. గూళ్లు పెట్టుకునే నేల కాంక్రీటు కింద పోవడం, పురుగుమందులు, వేడి కూడా వాటిని దెబ్బతీయగలవు. పూలు పుష్కలంగా ఉన్నచోట కొన్ని పెట్టెలు పెద్ద సమస్య కాకపోవచ్చు.

మన దేశంలో పరిస్థితి కొంత వేరు. పెట్టెల్లో పెంచే పుట్ట తేనెటీగ ఇక్కడిదే. ఎత్తైన భవనాలకు, నీళ్ల ట్యాంకులకు పట్టు పెట్టే కొండ తేనెటీగను ఎవరూ పెంచరు. ఏపిస్ మెల్లిఫెరా మాత్రం 1960లలో మన దగ్గర స్థిరపడిన విదేశీ జాతి. అందుకే విదేశీ లెక్కలను ఇక్కడ యథాతథంగా వాడలేం. కానీ అసలు సూత్రం ఎక్కడైనా ఒకటే. తేనెపెట్టె కొత్త నోళ్లను తెస్తుంది, కొత్త పూలను తేదు.

తేనె కోసం పెట్టె పెట్టుకోవడంలో తప్పు లేదు. తేనెటీగలను కాపాడటమే ఉద్దేశమైతే మాత్రం తులసి, మునగ, బంతి వంటి పూల మొక్కలు నాటాలి. పెరట్లో ఓ మూల సిమెంటు వేయకుండా మట్టినేలను వదలాలి. ఎండుకొమ్మలు కొన్ని ఉంచాలి. పురుగుమందులు చల్లడం మానాలి. ఒంటరి ఈగకు కావలసినది గూటికి దగ్గరలో నాలుగు పూలు, గుడ్డు పెట్టుకోవడానికి కాస్త చోటు.