పదో తరగతి పాస్ శాతం: మన జిల్లా బడులను ఎలా పోల్చాలి?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మొదలు నా ఫోను మోగుతూనే ఉంటుంది. "సెక్రటరీ గారూ, ఆ బడి 100 శాతమట, మన తెలుగు బడి తొంభైయేనట. పిల్లవాణ్ని మార్చేయమంటారా?" అని. గుమాస్తాగా ఉద్యోగమంతా అంకెలతోనే గడిపినవాణ్ని. మన తిరువళ్ళూరు జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల శాతాలను ఎలా చదవాలో నాకు తెలిసింది చెబుతాను.

ముందు, పరీక్ష రాసినవాళ్ళెంతమందో అడగండి. పదిమందిలో ఒక్కరు తప్పితే 90 శాతం. 120 మందిలో ఆరుగురు తప్పినా 95. మన తెలుగు మీడియం తరగతుల్లో పిల్లలు కొద్దిమందే. ఒక్క బిడ్డకు పరీక్ష రోజు జ్వరం వస్తే చాలు, బడి పేరు పోతుంది. అందుకే కనీసం మూడేళ్ళు కలిపి చూడాలి. 2020, 2021 మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. కరోనా వల్ల పరీక్ష లేకుండానే అందరినీ పాస్ చేశారు.

100 శాతం బోర్డు చూస్తే నేను అడిగే ప్రశ్న వేరు. కిందటేడు తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు? నలభైమందిలో ముప్పైమందే పది రాస్తే, మిగతా పదిమంది ఎక్కడికి పోయినట్టు?

ఆవడి, పూందమల్లి వైపు బడినీ, ఆంధ్ర సరిహద్దులోని పళ్ళిపట్టు బడినీ ఒకే తక్కెడలో తూచకండి. 2025లో రాష్ట్రం మొత్తం మీద 93.80 శాతం పాసైతే, ప్రభుత్వ బడుల్లో 91.26. మన బడిని ఆ రెండో అంకెతో పోల్చాలి.

అసలు సంగతి తమిళం పేపరు. ప్రతి సబ్జెక్టులోనూ 35 రావాలి. లెక్కల్లో 90 తెచ్చుకున్న పిల్ల తమిళంలో 30 దగ్గర ఆగితే ఫెయిలే. 2006 చట్టంతో ఒకటో తరగతిలో మొదలైన నిర్బంధ తమిళం 2015-16కి పదికి చేరింది. తర్వాత కోర్టులు మన పిల్లలకు మినహాయింపులిస్తూ వచ్చాయి. 2023లో సుప్రీంకోర్టు కూడా ఒక ఏడాదికి ఇచ్చింది. ఏటా కోర్టు చుట్టూ తిరగడం చదువు కాదు. కాబట్టి సబ్జెక్టులవారీ ఫలితం అడగండి. తప్పినవాళ్ళు తమిళంలోనే తప్పితే కావలసింది చిన్న తరగతుల నుంచి మంచి తమిళం అయ్యవారు. బడి మార్చడం మందు కాదు. పిల్లలు తగ్గితే టీచరు పోస్టు మిగులు కిందికి పోతుంది. పోయిన పోస్టు మళ్ళీ రావడం ఎంత కష్టమో సంఘంలో అందరికీ తెలుసు.

ఈ వివరాలు హెడ్మాస్టరు గారిని మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఇస్తారు. ఇవ్వకపోతే 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి సమాచార హక్కు కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. అర్జీ తమిళంలో రాసిపెట్టడానికి నేనున్నాను. ఆదివారం సాయంత్రాలు సంఘం ఆఫీసులోనే ఉంటాను.