కాపలాదారే కర్ర ఎత్తితే!

దొంగలు రాకుండా పెట్టుకున్న కాపలాదారు ఇంట్లోవాళ్లనే కొడితే? ఆటోఇమ్యూన్ జబ్బుల్లో జరిగేది అదే. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ ఉన్నవారికి పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి. కీళ్లు వాస్తాయి, వేడెక్కుతాయి. దెబ్బ తగల్లేదు, సూక్ష్మజీవీ లేదు. మరెందుకలా?

ఆర్డర్లు వేసేది ఇవే!

తెల్లరక్తకణాల్లో 'సహాయక టి కణాలు' ఓ రకం. ఇవి నేరుగా పోట్లాడవు. ఎవరు ఎప్పుడు రంగంలోకి దిగాలో రసాయన సంకేతాలతో చెబుతాయి. వాటి సాయంతోనే బి కణాలు మేలైన యాంటీబాడీలు తయారుచేస్తాయి, భక్షక కణాలు మరింత చురుగ్గా సూక్ష్మజీవుల్ని మట్టుపెడతాయి. హెచ్ఐవీ దెబ్బతీసేది ఈ కణాలనే. ఇవి తగ్గిపోతే చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికొస్తుంది. ఇంతటి కణాలు సొంత శరీరాన్నే శత్రువనుకుంటే... ఆర్డరు కీళ్ల మీదో చర్మం మీదో పడుతుంది. వాపు ఆగదు.

బ్రేకులూ ఉన్నాయి

మరి అందరికీ ఈ జబ్బులు రావేం? జవాబు ఎలుకల్లో దొరికింది. పుట్టిన మూడు రోజులకే థైమస్ గ్రంథి తీసేస్తే వాటికి ఆటోఇమ్యూన్ జబ్బులొచ్చాయి. ఆరోగ్యమైన ఎలుకల టి కణాలు ఎక్కిస్తే రాలేదు! అంటే టి కణాల్లోనే సర్దిచెప్పేవీ ఉన్నాయన్నమాట. అవే 'నియంత్రణ టి కణాలు' అని జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో తేల్చారు. 2001లో అమెరికా శాస్త్రవేత్తలు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పి3 అనే జన్యువును పట్టుకున్నారు. ఆ కణాలు తయారవడానికి అదే కీలకమని తర్వాత తెలిసింది. ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

మందులూ మారాయి

స్టెరాయిడ్లు రక్షణ వ్యవస్థ మొత్తాన్నీ అణుస్తాయి. కొత్త మందులు గురిచూసి పనిచేస్తాయి. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌కు 2005లో అమెరికాలో అనుమతి పొందిన అబాటాసెప్ట్, టి కణాలు ఉత్తేజం కాకుండా ఆపుతుంది. 2015లో సోరియాసిస్‌కు వచ్చిన సెకుకినుమాబ్, కొన్ని సహాయక కణాలు పంపే ఐఎల్-17 సంకేతాన్ని అడ్డుకుంటుంది. అయితే కాపలా తగ్గితే ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది. అందుకే ఇలాంటి మందులు మొదలుపెట్టేముందు క్షయ ఉందేమో చూస్తారు.

పొద్దున కీళ్లు గంటకు పైగా బిగుసుకుంటూ, వాపు వారాల తరబడి తగ్గకపోతే వయసు ప్రభావమని సరిపెట్టుకోకండి. తొందరగా వైద్యం మొదలుపెడితే కీళ్లు వంకరపోకుండా కాపాడుకోవచ్చు. నొప్పి తగ్గింది కదా అని మందులు సొంతంగా మానేయడం మాత్రం వద్దు.