పట్టినన్ని పాటలు

అనంతపురం జిల్లాలో మెమొరీ కార్డును చాలామంది చిప్పు అనే అంటారు. స్మార్ట్‌ఫోన్లు ఇంటింటికీ రాకముందు, మండల కేంద్రాల్లో బస్టాండు పక్కనుండే సెల్లు కొట్లలో మంచి బేరమే చిప్పులకు పాటలెక్కించడం. గోరంత చిప్పును బల్ల మీద పెడితే కొట్టు కుర్రాడు దాన్ని రీడర్‌లో దూర్చి, కంప్యూటర్లోని ఫోల్డర్లు తెరిచి అడిగేవాడు: పాతవా, కొత్తవా, భక్తి పాటలా? ఎన్ని కావాలని అడిగితే మాత్రం దాదాపు అందరిదీ ఒకటే జవాబు.

"పట్టినన్ని ఎక్కియ్యన్నా."

పట్టినన్ని అంటే ఎన్ని? సీడీలో ఉన్న పాటను ఉన్నట్టుగా తీసుకుంటే లెక్క నిరాశగానే ఉంటుంది. సీడీ కోసం శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు, కుడి ఎడమలకు వేర్వేరుగా. అలా నిమిషానికి పదిన్నర ఎంబీ దాటుతుంది. నాలుగు నిమిషాల పాటకు 42 ఎంబీ. ఒక జీబీ చిప్పులో ఇరవై మూడు పాటలు ఎక్కేసరికి చోటు అయిపోతుంది.

దీన్ని మార్చింది ఎంపీ3. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ బృందం ప్రధానంగా పనిచేసి రూపొందించిన ఈ పద్ధతి చెవి బలహీనత మీద ఆధారపడింది. అనంతపురం జాతరల్లో ఉరుములనే వాద్యాలు మోగేటప్పుడు గమనిస్తే అది తెలిసిపోతుంది. ఉరుము మీద దెబ్బ పడిన క్షణంలో పక్కనున్న మనిషి కాలి గజ్జెల చప్పుడు వినిపించదు. గజ్జెలు మోగుతూనే ఉంటాయి, చెవే వాటిని పట్టించుకోదు. పెద్ద శబ్దం చాటున మరుగైపోయే ఇలాంటి చిన్న శబ్దాలను లెక్కగట్టి, వాటికి బిట్లు ఖర్చు పెట్టకుండా ఆదా చేయడమే ఎంపీ3 కిటుకు. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున కుదిస్తే 42 ఎంబీల పాట నాలుగు ఎంబీల లోపే ఇముడుతుంది. జీబీకి 260 పాటలు!

ఇంకా పిసినారితనం చూపిస్తే ముందు దెబ్బతినేది ఆ ఉరుమే. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి కుదిస్తుంది. దెబ్బ ముక్క మధ్యలో పడితే, కుదింపులో పుట్టిన రొద ఆ ముక్కంతా పరుచుకుని, దెబ్బ పడకముందే పలచగా వినిపిస్తుంది. బిట్లు తగ్గేకొద్దీ ఇది పెరిగి దెబ్బ పదును పోతుంది, తాళాల మోత ఇసుక రాలినట్టు అవుతుంది. ఎక్కువ పాటలు పట్టించాలని మరీ కుదించేసిన చిప్పుల్లో చెక్కభజన పాటలు చప్పగా ఉండేది ఇందుకే.

జేబులో పెట్టుకునే ఎంపీ3 ప్లేయర్లు 1998లో వచ్చాయి. కొరియా కంపెనీ సేహాన్ తెచ్చిన ఎంపీమ్యాన్‌లో చోటు 32 ఎంబీలు, అంటే ఎనిమిది పాటలు. అప్పటికి ఊరూరా దొరికే క్యాసెట్టే నయం. మూడేళ్ళకు, 2001 అక్టోబరులో, ఆపిల్ 5 జీబీ ఐపాడ్ తెచ్చి వెయ్యి పాటలు జేబులో అని చాటింది. తర్వాత ఐపాడ్ క్లాసిక్ 160 జీబీల దాకా వెళ్ళింది. అందులో 40,000 పాటలు పడతాయని కంపెనీ మాట. నిద్ర మాని వింటే మొదటి పాట మళ్ళీ రావడానికి 111 రోజులు పడుతుంది.

అదే ఆపిల్ 2005 జనవరిలో ఎదురు దిక్కున నడిచింది. ఐపాడ్ షఫుల్‌కు తెర లేదు. చిన్న రకంలో 512 ఎంబీలు, 120 పాటలు. తెర లేని పెట్టెలో పాటలు పెరిగేకొద్దీ కావలసింది దొరకడం కష్టం. గొర్రెల వెంట నడిచే కాపరి భుజానికి వేలాడే చిప్పు రేడియోకూ ఇదే ఇబ్బంది. దానికి ఉన్నవి ముందుకు, వెనక్కు మీటలే. ఏడు వందలో నంబరు పాట కావాలంటే ఎన్నిసార్లు నొక్కాలి? చిప్పులో వెయ్యి ఉన్నా చెవిన పడేవి మొదటి యాభై, అరవై. విన్నదే వినడంలో సుఖం కూడా ఉంది. ఒకదాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తే, వింటే దాని మీద ఇష్టం పెరుగుతుందని అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ జైయంట్స్ 1968లోనే ప్రయోగాలతో చూపించాడు.

మరి పట్టినన్ని ఎందుకు? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే ఈ సీమలో ఆ ప్రశ్నకు జవాబు చెరువు కట్ట మీద దొరుకుతుంది. పద్నాలుగో శతాబ్దంలో, విజయనగర రాజు బుక్కరాయల కాలంలో కట్టిన బుక్కరాయసముద్రం చెరువును రోజువారీ వాడకం చూసి కట్టలేదు. మళ్ళీ వాన ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి కట్టారు. చిప్పు సంగతీ అంతే. మళ్ళీ కొట్టుకు వెళ్ళేది నెలకో రెండు నెలలకో అయితే, దొరికినప్పుడే నింపుకోవాలి. 4 జీబీ చిప్పులో వెయ్యి పాటలంటే 66 గంటల పైమాటే. రాత్రి కరెంటొచ్చినప్పుడు బోరు కింద మడికి నీళ్ళు కట్టే రైతుకు, రోజుకు రెండు గంటల చొప్పున, నెల గడిచేది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక పాట కాలువ నీళ్ళయింది. 128 కిలోబిట్ల పాటలు గంటసేపు వింటే అయ్యే డేటా 58 ఎంబీలే. నిల్వ ఎందుకు అనిపించే రోజులు. అయినా మరుసటి ఏడే సరిగమ కంపెనీ నెట్ అక్కర్లేని కార్వాన్ పెట్టెలో 5,000 హిందీ పాటలు నింపి అమ్మింది. హెచ్చెల్సీ కాలువ పారుతుందని అనంతపురంలో చెరువులు పూడ్చుకోరు కదా. ఆపిల్ మాత్రం 2022లో ఐపాడ్‌కు స్వస్తి చెప్పింది.

ఏ కాలువలోనూ రాని పాటలు కొన్ని ఉన్నాయి. ఊళ్ళో రాత్రంతా ఆడిన పద్యనాటకం, శ్రీరామనవమి నాటి చెక్కభజన, ఎవరో ఫోనులో పట్టినవి. ఆరు గంటల నాటకానికి 350 ఎంబీలు చాలు, కాబట్టి ఇక్కడ చోటు సమస్య కాదు, మన్నికే సమస్య. చిప్పు లోపల పాట అంటే ఆక్సైడు పొరల మధ్య చిక్కుకున్న ఎలక్ట్రాన్లు. 1980ల్లో జపాన్‌లోని తోషిబాలో ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ మెమొరీ ఇది. కరెంటు లేకున్నా ఎలక్ట్రాన్లు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి కానీ మెల్లగా జారిపోతుంటాయి, వేడికి ఇంకా తొందరగా. మే నెలలో రేకుల కప్పు కింద గూట్లో పడి ఉన్న చిప్పుకు ఆ వేడి మంచిది కాదు. నాటకం 32 జీబీ చిప్పు ఒక్కదాంట్లో ఉండడం కన్నా, 4 జీబీ చిప్పులు రెండింట్లో, రెండిళ్ళలో ఉండడం మేలు.