2006లో బెస్ట్ తెలుగు ఆల్బమ్ ఏది? గోదావరోళ్ల గొడవ తేల్చేద్దాం రండి

ఈ ఎపిసోడ్‌లో ఎప్పటికీ తెగని గొడవొకటి పట్టుకుందాం.

ఇంగ్లీష్ రాక్ వినేవాళ్లని ఎవరినైనా కదపండి, చాలామంది 1991 గురించి చెప్తారు. నిర్వాణా వాళ్ల 'నెవర్‌మైండ్', రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ వాళ్ల 'బ్లడ్ షుగర్ సెక్స్ మ్యాజిక్' రెండూ ఒకే రోజు వచ్చాయి, సెప్టెంబర్ 24న. మెటాలికా వాళ్ల 'బ్లాక్ ఆల్బమ్' కూడా అదే ఏడాది. వీటిలో ఏది గొప్పదని 30 ఏళ్లు దాటినా ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

మరి మనకో? మనకి ఆల్బమ్ అంటే సినిమా పాటలే కదండీ. అందుకని మన లెక్కలో అలాంటి ఏడాది ఏదంటే, నేనైతే 2006 అంటాను. చూడండి: మార్చి 30న 'శ్రీరామదాసు', ఏప్రిల్ 28న 'పోకిరి', మే 19న 'గోదావరి', ఆగస్టు 9న 'బొమ్మరిల్లు'. నాలుగున్నర నెలలు తిరక్కుండా నాలుగు సినిమాలు. ఒక్కోదానికి ఒక్కో మ్యూజిక్ డైరెక్టర్: కీరవాణి, మణిశర్మ, కె.ఎం. రాధాకృష్ణన్, దేవిశ్రీ ప్రసాద్.

ముందు 'మనోడు' సంగతి

మన జిల్లాల్లో ఈ టాపిక్ ఎత్తితే ముందు ఊరు పేరు వస్తుంది. కీరవాణి గారు పుట్టింది కొవ్వూరు, అంటే రాజమండ్రిలో బ్రిడ్జి ఎక్కితే అవతలి ఒడ్డు. దేవిశ్రీ వాళ్ల సొంతూరు వెదురుపాక. 'బొమ్మరిల్లు'కి పాట రాసిన అనంత శ్రీరామ్‌ది దొడ్డిపట్ల. ఇక 'గోదావరి' అయితే చెప్పక్కర్లేదు, పేరే మనది. కాబట్టి మనోడు అని ఓటేద్దామంటే నాలుగింట్లో మూడు మనవే అయిపోతాయి. అందుకే ఆ లెక్క పక్కన పెట్టేద్దాం. వ్యూస్ లెక్క కూడా వద్దు. 2006 నాటికి యూట్యూబ్ పుట్టి ఏడాదే అయ్యింది. అప్పుడు క్యాసెట్లో, సీడీలో విన్నవాళ్లెవరూ ఆ నంబర్లలో లేరు.

మరి దేంతో కొలుద్దాం? మూడు పరీక్షలు పెడదాం.

ఒకటి: ఎన్ని పాటలు స్కిప్ చేస్తున్నారు?

హిట్ సాంగ్ వేరు, మంచి ఆల్బమ్ వేరు. ఒక పాట బ్రహ్మాండంగా ఉండి మిగతావి దాటేస్తుంటే అది ఒక పాట గొప్పతనమే. ఇక్కడ 'గోదావరి'కి పెద్ద బలం ఉంది. పాటలన్నీ వేటూరి గారే రాశారు. బాలు గారు నది గురించి పాడిన పాట నుంచి, సునీత గారి గొంతులో ఆ అమ్మాయి తనలో తాను మాట్లాడుకునే పాట దాకా, ఒకే మనిషి పక్కన కూర్చుని కబుర్లు చెప్తున్నట్టు ఉంటుంది. 'బొమ్మరిల్లు'లో ఇంకో రకం అందం. హీరో సిద్ధార్థ్ స్వయంగా పాడిన పాట దగ్గర్నుంచి ప్రతి పాటకీ ఓ కొత్త రంగు. బోరు కొట్టదు, కానీ ఒకే ప్రయాణంలా కూడా అనిపించదు.

రెండు: తెర తీసేస్తే నిలబడుతుందా?

'పోకిరి' అభిమానులు నన్ను తిట్టుకోకండి. ఆ బీట్లు థియేటర్‌ని ఊపేశాయి, ఇప్పటికీ పెళ్లి ఊరేగింపులో పడితే కాలు ఆగదు. కానీ మహేష్ బాబుని, పూరి జగన్నాథ్ టేకింగ్‌ని తీసేసి, చీకట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే అదే కిక్ వస్తుందా? నా వరకూ సగమే వస్తుంది. 'గోదావరి'లో దీనికి ఉల్టా. సినిమాలో లాంచీ రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్తుంది కదా, సినిమా చూడకపోయినా పాటల్లోనే ఆ నీళ్లు కనిపిస్తాయి.

మూడు: ఎంత కష్టమైన పని నెత్తికెత్తుకుంది?

ఈ పరీక్షలో 'శ్రీరామదాసు' అందరికన్నా ముందుంటుంది. కంచర్ల గోపన్న 17వ శతాబ్దం మనిషి. ఆయన కీర్తనలు ఊరూరా భజనల్లో నానిపోయి ఉన్నాయి. వాటి పక్కనే కొత్త పాటలు కట్టి, రెండూ ఒకే గుడిలోంచి వినిపిస్తున్నట్టు చేయడం మాటలు కాదు. అయితే ఇక్కడే అసలు వాదన. 'అంతా రామమయం' మనసుని తాకితే ఆ మార్కు రామదాసుకి వెయ్యాలా, కీరవాణికి వెయ్యాలా? నేనైతే చెరి సగం అంటాను. అందుకే ఆల్బమ్‌గా దానికి ఫస్ట్ ప్లేస్ ఇవ్వలేకపోతున్నాను.

తీర్పు

నా వరుస ఇదండీ: 'గోదావరి', వెంట్రుకవాసిలో 'బొమ్మరిల్లు', తర్వాత 'శ్రీరామదాసు', ఆ తర్వాత 'పోకిరి'. మీరు తిరగేసి చెప్పినా తప్పేం లేదు, ఎందుకో చెప్పగలిగితే చాలు.

ఇంకొక్క మాట. 'నెవర్‌మైండ్' అమెరికా చార్టులోకి వచ్చినప్పుడు 144వ స్థానం. నాలుగు నెలల్లోపే, 1992 జనవరికల్లా మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని దింపి నంబర్ వన్ అయ్యింది. అంటే జనం మొత్తం వినడానికి టైమ్ తీసుకున్నారు. మనం ఇప్పుడు ఆ టైమ్ ఇస్తున్నామా? ఈ రోజుల్లో పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలై వస్తున్నాయి, మనం రీల్‌లో ముప్పై సెకన్లు విని ముద్ర వేసేస్తున్నాం. ఇలాగైతే ఇంకో ఇరవై ఏళ్లకి ఈ ఏడాది ఆల్బమ్స్ గురించి వాదించుకోవడానికి మన దగ్గర ఏం మిగలదండీ, ముక్కలు తప్ప.

అందుకే ఓ చిన్న పని చెయ్యండి. ఈ వారం షఫుల్ ఆపేసి, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి మొదటి పాట నుంచి చివరి దాకా వినండి. ఎక్కడ స్కిప్ కొట్టాలనిపించిందో గుర్తుపెట్టుకోండి. అప్పుడు రండి, కూర్చుని గట్టిగా వాదించుకుందాం. ఉంటానండీ మరి.